పాలకన్నా ముందు ఫలితం రావాలి
హానికర బాక్టీరియాను పట్టే బయోసెన్సార్లు

పాల సంఘంలో పరీక్ష అనగానే మనకు గుర్తుకు వచ్చేవి రెండు. ఒకటి వెన్న శాతం, రెండవది ఎస్.ఎన్.ఎఫ్. సభ్యునికి ధర కట్టేది వీటిని బట్టే గనుక అందరి చూపూ ఆ రెండంకెల మీదనే ఉంటుంది. పాలలో నీళ్ళు కలిస్తే లాక్టోమీటరు చెబుతుంది. పులిస్తే ముక్కే చెబుతుంది. కాని మనిషికి జబ్బు తెచ్చే బాక్టీరియా పాలలో ఉన్నంత మాత్రాన వెన్న తగ్గదు, రంగు మారదు, వాసన రాదు. చాలాసార్లు కాచినా పాలు విరగవు. పైకి చూస్తే అవి మొదటి రకం పాలే.

ఇటువంటి బాక్టీరియాను తొందరగా పట్టి చూపే సాధనాలను బయోసెన్సార్లు అంటున్నారు. ఇవి ఏమిటి, ఎలా పనిచేస్తాయి, ఎంతవరకు నమ్మవచ్చు, ఊరి సంఘానికి వీటి వలన ఒరిగేది ఏమిటి అన్న విషయాలు ఈ వ్యాసంలో పరిశీలిద్దాం.

ముందుగా కాలం లెక్క చూడాలి. వికారాబాద్ జిల్లాలో తాండూరు దగ్గర, సిమెంటు కార్పొరేషన్ కర్మాగారం ఉన్న కరణ్‌కోటనే ఉదాహరణగా తీసుకుందాం. ఆ ఊరిలో ఒక రైతు ఉదయం 6 గంటలకు బర్రె పాలు పితికి పోశాడనుకుందాం. ఆ పాలు పది ఇళ్ళ పాలతో ఒకే క్యానులో కలుస్తాయి. ఆ క్యాను ఇతర ఊళ్ళ క్యాన్లతో శీతలీకరణ కేంద్రంలో ఒకే ట్యాంకులో కలుస్తుంది. ఆ ట్యాంకు పాలు వంద కిలోమీటర్లకు పైబడిన ప్రయాణం చేసి హైదరాబాదు చేరి, పాశ్చరైజ్ అయి, ప్యాకెట్లయి, మరునాటికో ఆ మరునాటికో ఎవరి ఇంట్లోనో టీ అయిపోతాయి.

ఇప్పుడు ప్రయోగశాల సంగతి. మొత్తం బాక్టీరియా ఎన్ని ఉన్నాయో ప్లేటులో పెంచి లెక్కపెట్టాలంటే రెండు మూడు రోజులు పడుతుంది. సాల్మొనెల్లా ఉన్నదా లేదా అని తేల్చాలంటే నాలుగైదు రోజులు. మొదట ఒక పోషక ద్రవంలో రాత్రంతా పెంచాలి. తరువాత ఇతర బాక్టీరియాను అణచివేసే మరొక ద్రవంలో ఒక రోజు పెంచాలి. ఆ తరువాత ప్లేటు మీద పరచి మరో రోజు చూడాలి. అనుమానం వచ్చిన దానిని ఇంకొకసారి నిర్ధారించుకోవాలి. ఇంతా చేసి కాగితం చేతికి వచ్చేసరికి ఆ పాలు తాగినవారు ఖాళీ ప్యాకెట్టును కూడా పారవేసి ఉంటారు. పరీక్ష నిక్కచ్చిగానే ఉంటుంది, కాని అది జరిగిపోయిన దానిని చెబుతుంది. బయోసెన్సార్ల కోసం ఇంత కృషి జరుగుతున్నది ఈ ఒక్క కారణం చేతనే.

బయోసెన్సార్ అన్న పేరు కొత్తదే గాని అందులోని ఉపాయం మన వంటిళ్ళలో ఎప్పటినుండో ఉన్నది. పొదుగువాపు వచ్చిన బర్రెకు పెన్సిలిన్ మందు ఎక్కించిన మరునాడు ఆ పాలు తోడు వేస్తే పెరుగు సరిగా తోడుకోదు. తోడులోని బాక్టీరియాను పాలలో మిగిలిన మందు పెరగనివ్వలేదన్న మాట. పాలను ఏ యంత్రంలోనూ పెట్టకుండానే ఒక జీవి మనకు సమాచారం ఇచ్చింది. అయితే తోడు ఒక రాత్రి సమయం తీసుకుంటుంది, తోడుకోకపోవడానికి చలి వంటి వేరే కారణాలూ ఉండవచ్చు. ఈ లోపాలు లేకుండా, జీవ పదార్థం ఇచ్చే సంకేతాన్ని అంకెగానో, రంగుగానో, గీతగానో మార్చి వెంటనే చూపగలిగితే దానిని బయోసెన్సార్ అనవచ్చు.

అంటే ఇందులో రెండు భాగాలుంటాయి. ఒకటి గుర్తుపట్టేది. ఇది ఎంజైము కావచ్చు, యాంటీబాడీ కావచ్చు, డి.ఎన్.ఎ. ముక్క కావచ్చు, బతికున్న సూక్ష్మజీవే కావచ్చు. రెండవది ఆ గుర్తింపును విద్యుత్తుగానో, వెలుతురుగానో, రంగుగానో మార్చి మనకు తెలిపేది. అమెరికాలో లేలాండ్ క్లార్క్ అనే శాస్త్రజ్ఞుడు 1962లో ఆక్సిజన్‌ను కొలిచే ఎలక్ట్రోడుకు ఎంజైము పొరను జోడించి గ్లూకోజును కొలవవచ్చునని చూపాడు. ఈనాడు చక్కెర వ్యాధి ఉన్నవారు వేలు గుచ్చుకుని ఒక చుక్క రక్తం అంటించి చూసుకునే పట్టీ దాని సంతతిదే. 2020, 2021 సంవత్సరాలలో కోవిడ్ పరీక్షకు ముక్కులో పుల్ల తిప్పి, పట్టీ మీద గీతలు వస్తాయా అని అందరమూ ఎదురుచూశాము. అక్కడ గుర్తుపట్టినది యాంటీబాడీ.

పాడి పరిశ్రమలో యాంటీబాడీతో పని తీసుకోవడం కూడా కొత్త కాదు. పశువులు ఈసుకుపోవడానికి కారణమయ్యే బ్రూసెల్లా వ్యాధికి రింగ్ టెస్టు అనే పరీక్ష ఉన్నది. రంగు వేసిన మృత బ్రూసెల్లా కణాలను పాలలో కలిపి వెచ్చగా ఉంచితే, ఆ పశువుకు వ్యాధి సోకి ఉన్నప్పుడు పాలలోని యాంటీబాడీలు ఆ కణాలను గుత్తులుగా పట్టుకుని మీగడతో పాటు పైకి తేలుతాయి. గొట్టం పైభాగాన ఊదా నీలం వలయం కనపడుతుంది. ఒకరి పాలనే కాక కలిసిన పాలను కూడా దీనితో పరీక్షించి, ఏ మందలో వ్యాధి ఉన్నదో మొదటి అంచనాకు రావచ్చు. బర్రె పాలలో ఈ పరీక్ష ఆవు పాలలో ఉన్నంత నమ్మకంగా ఉండదని మాత్రం గుర్తుంచుకోవాలి.

హానికర బాక్టీరియాను నేరుగా పట్టే కొత్త సాధనాలలోనూ ఇదే నడుస్తుంది. సాల్మొనెల్లాను మాత్రమే పట్టుకునే యాంటీబాడీని కాగితపు పట్టీ మీద గీతగా పూస్తారు. అదే జాతి యాంటీబాడీకి సన్నని బంగారు రేణువులను తగిలించి పట్టీ మొదట్లో ఉంచుతారు. నమూనాలో ఆ బాక్టీరియా ఉంటే రేణువులు దానిని అంటుకుని, గీత దగ్గర చిక్కుకుపోయి, ఎర్రని చార కనపడుతుంది. కొన్ని సాధనాలలో గీతకు బదులు ఎలక్ట్రోడు ఉంటుంది. బాక్టీరియా అంటుకున్నప్పుడు విద్యుత్ ప్రవాహంలో వచ్చే మార్పును అది కొలుస్తుంది. మరికొన్నింటిలో బాక్టీరియాను తిని బతికే ఫేజ్ అనే వైరసును గుర్తుపట్టేదానిగా వాడతారు. ఫేజ్ తనకు తగిన బాక్టీరియా బతికి ఉంటేనే దానిలో చేరి పెరుగుతుంది గనుక, చచ్చినవాటిని చూసి మోసపోయే అవకాశం తక్కువ.

మన దేశంలో ఈ దిశగా చెప్పుకోదగిన పని హర్యానాలోని కర్నాల్‌లో, జాతీయ పాడి పరిశోధనా సంస్థలో జరిగింది. అక్కడివారు బాసిల్లస్ జాతి బాక్టీరియా స్పోర్లను వాడుకున్నారు. స్పోరు అంటే గట్టి పెంకులో నిద్రపోతున్న విత్తనం వంటిది. ఎండబెట్టి ఉంచినా పాడుకాదు, కాబట్టి ఫ్రిజ్ లేని చోట కూడా నిలువ ఉంటుంది. తగిన ఆహారం తగిలితే మొలకెత్తుతుంది, మొలకెత్తగానే దానిలోని ఎంజైములు బయటపడి, పక్కన ఉంచిన పదార్థాన్ని రంగుగానో మెరుపుగానో మారుస్తాయి. పాలలో యాంటీబయాటిక్ ఉంటే మొలక రాదు, రంగు రాదు. మన తోడు చేసే పనే ఇది. బాక్టీరియాను పట్టడానికి దీనిని తిరగవేస్తారు. ఫలానా బాక్టీరియా దగ్గర మాత్రమే ఉండే ఎంజైము విడగొట్టినప్పుడే స్పోరుకు ఆహారం అందేలా ఏర్పాటు చేస్తే, మొలక వచ్చిందంటే ఆ బాక్టీరియా ఉన్నట్టు లెక్క. తెలివైన ఉపాయం, ఖర్చు తక్కువ ఉపాయం కూడా.

మన వికారాబాద్‌కు పొరుగున సంగారెడ్డి జిల్లాలో, కందిలో ఉన్న ఐ.ఐ.టి. హైదరాబాదు వారు 2018లో మరొక సాధనాన్ని ప్రకటించారు. ఆమ్లత్వాన్ని బట్టి రంగు మారే సన్నని నూలు వంటి కాగితాన్ని పాలలో ముంచి, సెల్‌ఫోను కెమెరాతో ఫొటో తీస్తే, పాలు కల్తీవా కావా అన్నది ఫోనులోని లెక్క చెబుతుంది. పత్రికలలో దీనిని చదివి కొందరు ఇక బాక్టీరియా కూడా ఫోనులోనే కనపడుతుందనుకున్నారు. అది పొరపాటు. ఆ కాగితం చూసేది ఆమ్లత్వాన్ని, కల్తీ వలన అది మారే తీరును. ఏ బాక్టీరియా ఉన్నదన్నది దాని పని కాదు.

ఇంతవరకు చదివిన తరువాత, అయితే ఇవన్నీ మన సంఘంలో బల్ల మీదకు ఎప్పుడు వస్తాయన్న ప్రశ్న రావడం సహజం. జవాబుకు ముందు ఒక చిన్న లెక్క చేయాలి. ఆహార ప్రమాణాల ప్రకారం పాశ్చరైజ్ చేసిన పాలలో సాల్మొనెల్లా 25 గ్రాముల నమూనాలో ఒక్కటి కూడా ఉండరాదు. మనం పట్టీ మీద వేసే చుక్క ఒక మిల్లీలీటరులో పదవ వంతు అనుకుందాం. ఇరవై అయిదు మిల్లీలీటర్లలో ఒకే ఒక్క బాక్టీరియా ఉంటే, అది మన చుక్కలోకి వచ్చే అవకాశం 250లో ఒక వంతు. పోనీ వచ్చిందే అనుకున్నా పట్టీ దానిని చూడలేదు. సాధారణంగా ఇటువంటి పట్టీలకు గీత కనపడాలంటే మిల్లీలీటరుకు పది వేల నుండి పది లక్షల దాకా బాక్టీరియా కావాలి. లక్ష అనుకుందాం. 25 మిల్లీలీటర్లలో ఉన్న ఒక్కటి మిల్లీలీటరుకు లక్ష చొప్పున 25 లక్షలు కావాలంటే దాదాపు 22 సార్లు రెట్టింపు కావాలి. ఒక్కొక్క రెట్టింపుకు 20 నిమిషాలు పట్టినా 7 గంటల పైమాటే. కొత్త ద్రవంలో కుదురుకోవడానికి బాక్టీరియా తీసుకునే సమయం దీనికి అదనం.

అందుచేత 'పది నిమిషాలలో ఫలితం' అని ప్రకటనలో చూసినప్పుడు, ఆ పది నిమిషాలకు ముందు నమూనాను ఎన్ని గంటలు పెంచాలి అని అడగడం అలవాటు చేసుకోవాలి. సాధారణంగా ఒక రాత్రి అన్నది నిజాయితీ గల సమాధానం. నాలుగైదు రోజుల పని ఒక రాత్రికి తగ్గడం తక్కువ విషయమేమీ కాదు. పెంచే సమయాన్ని కూడా తగ్గించడానికి యాంటీబాడీ పూసిన అయస్కాంత పూసలను పాలలో కలుపుతారు. అవి వెదకి బాక్టీరియాను పట్టుకుంటాయి, అయస్కాంతం పెట్టి పూసలను ఒక మూలకు లాగితే పెద్ద నమూనాలోని బాక్టీరియా అంతా చుక్కలోకి వస్తుంది. అయితే పాలు నీళ్ళ వంటివి కావు. వెన్న గోళాలు, కేసిన్ పూసలకు అడ్డం పడతాయి, ఎలక్ట్రోడుకు అంటుకుంటాయి. నీటిలో చక్కగా పనిచేసిన సాధనం 7 శాతం వెన్న ఉన్న బర్రె పాలలో తడబడడం వింత కాదు. కొనేవారు ఏ పాలలో పరీక్షించి చూశారని అడగాలి.

పాలు కాచుకునే తాగుతాము, పాశ్చరైజ్ కూడా చేస్తారు, ఇక ఈ ఆరాటమంతా ఎందుకు అనేవారు ఉన్నారు. 72 డిగ్రీల వద్ద 15 సెకన్లు ఉంచితే సాల్మొనెల్లా, బ్రూసెల్లా, లిస్టీరియా చస్తాయన్న మాట నిజమే. కాని 2000 సంవత్సరంలో జపానులో జరిగినది వారు తెలుసుకోవాలి. ఆ ఏడు మార్చి నెలాఖరున హొక్కయిడో దీవిలో స్నో బ్రాండ్ కంపెనీ పాలపొడి కర్మాగారంలో సుమారు మూడు గంటలు కరెంటు పోయింది. యంత్రాలలో ఉన్న పాలు వెచ్చగా గంటల తరబడి నిలిచిపోయాయి. వాటిలో స్టాఫిలోకాకస్ బాక్టీరియా పెరిగి విషాన్ని విడుదల చేసింది. తరువాత వేడి చేయడంతో బాక్టీరియా చచ్చింది, విషం మాత్రం మిగిలింది. ఆ పాలతో చేసిన పొడిని వాడి ఒసాకాలో తయారు చేసిన పాలు జూన్ నెలలో తాగి 13 వేల మందికి పైగా అస్వస్థులయ్యారు. ఈ విషం మరిగించినా సులభంగా పోదు. బతికున్న బాక్టీరియా కోసం ప్లేటు వేసి చూస్తే అంతా శుభ్రమనే వస్తుంది. ఇక్కడ అవసరమైనది విషాన్నే పట్టే సాధనం, యాంటీబాడీ పట్టీ చేయగలిగిన పని ఇదే.

మూడు గంటల కరెంటు కోత సంగతి తాండూరు వైపు సంఘాలవారికి ఎవరూ విడమరచి చెప్పనక్కరలేదు. ఏప్రిల్, మే నెలలలో అక్కడ ఎండ 40 డిగ్రీలు దాటుతుంది. స్టాఫిలోకాకస్ ఎక్కడి నుండో రాదు. పొదుగువాపు ఉన్న పశువు చన్నుల నుండి, పాలు పితికేవారి చేతి పుండ్ల నుండి వస్తుంది. పాలు వెంటనే చల్లబడితే అది విషం చేసేంతగా పెరగలేదు.

చల్లదనం ప్రసక్తి వచ్చింది గనుక మన పాత పరీక్ష గురించి ఒక మాట. మిథిలీన్ బ్లూ పరీక్ష అందరికీ తెలిసినదే. 10 మిల్లీలీటర్ల పాలకు ఒక మిల్లీలీటరు రంగు ద్రవం కలిపి 37 డిగ్రీల నీటిలో ఉంచుతారు. బాక్టీరియా పాలలోని ఆక్సిజన్‌ను వాడేసిన కొద్దీ నీలం రంగు పోతుంది. భారతీయ ప్రమాణం ప్రకారం 5 గంటలు, ఆపైన రంగు నిలిస్తే చాలా మంచి పాలు. 3, 4 గంటలైతే మంచివి. 1, 2 గంటలైతే ఒక మాదిరివి. అరగంటలోపే తెల్లబడితే నాసిరకం. క్యాన్లలో వెచ్చగా వచ్చే పాలకు ఈ పరీక్ష చక్కగా సరిపోయింది. ఇప్పుడు పాలు బల్క్ కూలరులో 4 డిగ్రీల దగ్గర ఉంటున్నాయి. చల్లదనంలో పెరిగే బాక్టీరియా వేరు. అవి 37 డిగ్రీల వేడిలో చురుకుగా పనిచేయవు, రంగును తొందరగా పోగొట్టవు. అందుచేత కూలరు పాలు మిథిలీన్ బ్లూలో చాలా మంచివిగా కనపడి, లోపల వేరుగా ఉండవచ్చు. లిస్టీరియా కూడా ఈ చల్లదనంలో మెల్లగా పెరగగలిగినదే. బయోసెన్సార్లకు మొదటి అవసరం నిజానికి ఇక్కడే ఉన్నదని నా అభిప్రాయం. కూలర్లు వచ్చిన తరువాత పాత పరీక్షకు ఒక కన్ను మూసుకుపోయింది.

అయితే వీటిని సంఘం బల్ల మీద పెట్టి, పూటపూటా ప్రతి సభ్యుని పాలను చూడాలనడం సరికాదు. ఎందుకంటే, వెయ్యి నమూనాలలో నిజంగా రెండింటిలోనే హానికర బాక్టీరియా ఉన్నదనుకుందాం. పరీక్ష నూటికి ఒకసారి లేనిదానిని ఉన్నదని చూపుతుందనుకుందాం. అప్పుడు మొత్తం 12 నమూనాలకు గీత వస్తుంది, అందులో 10 మంది ఏ తప్పూ లేనివారు. వారి పాలు తిరగ్గొడితే ఆ పూట డబ్బు పోవడమే కాదు, ఊళ్ళో వారి పేరు కూడా పోతుంది. ఫలానావారి బర్రె పాలలో పురుగులున్నాయట అన్న మాట ఒకసారి పుట్టిందంటే ఏ ప్రయోగశాల కాగితమూ దానిని వెనక్కు తేలేదు. కాబట్టి గీత వచ్చిన నమూనా అనుమానితం మాత్రమే. మళ్ళీ ప్రయోగశాలలో తేలేవరకు ధరలో కోత విధించరాదు, పేరు బయటకు చెప్పరాదు. శీతలీకరణ కేంద్రంలో ఒక్కొక్క రూటు పాలకు పరీక్ష పెట్టి, అనుమానం వచ్చిన రూటులో సంఘాన్ని, ఆ సంఘంలో క్యాన్లను వెనక్కు వెదుక్కుంటూ పోవడం మేలు. దొరికినది పశువు జబ్బయితే అది వైద్యుని పని. ఆడదూడలకు 4 నుండి 8 నెలల వయసులో వేసే బ్రూసెల్లా టీకా, 2019లో మొదలైన జాతీయ పశు వ్యాధుల నియంత్రణ కార్యక్రమంలో భాగంగా ఉన్నది.

చాలాసార్లు దొరికేది పశువు కాదు, క్యానే. దీనికి పనికివచ్చే ఒక సాధనం పాల కర్మాగారాలలో ఇప్పటికే వాడుకలో ఉన్నది. మిణుగురు పురుగు వెలిగే ఎంజైమును అందులో వాడతారు. జీవకణాలన్నింటిలో ఎ.టి.పి. అనే శక్తి పదార్థం ఉంటుంది, అది తగిలితే ఈ ఎంజైము ద్రవం వెలుగుతుంది. కడిగిన క్యాను లోపల దూదిపుల్లతో తుడిచి అందులో ముంచితే, ఎంత వెలుతురు వచ్చిందో చిన్న యంత్రం క్షణాలలో అంకెగా చూపుతుంది. మురికి మిగిలితే అంకె పెరుగుతుంది. పాలలో పశువు కణాల ఎ.టి.పి. కూడా ఉంటుంది గనుక పాలకు దీనిని నేరుగా వాడలేము, కాని కడుగుడు సరిగా జరిగిందా అన్నది చూడడానికి ఇంతకన్నా సులువైనది లేదు. క్యాను నడుమ తుడిస్తే ఏమీ రాదు. మెడ వంపులోనూ, మూత రబ్బరు కిందా తుడవాలి.

పాకలో నేల విషయం కూడా ఇందులోకే వస్తుంది. నాపరాళ్ళ గనులున్న తాండూరు ప్రాంతంలోనే కొన్ని చోట్ల బర్రెలు బురదలో పడుకోవడం చూస్తే విచారంగా ఉంటుంది. గరుకు ముఖం పైకి ఉండేలా, కాలువ వైపు కాస్త వాలుగా పరిస్తే పశువు జారదు, నేల కడుగుడుకు వస్తుంది, పొదుగుకు మట్టి అంటదు.

చివరగా పాల పరీక్షకులు గమనించవలసినది నమూనా. బాక్టీరియా పరీక్షకు పంపే పాలను, వెన్న పరీక్ష కోసం ఫార్మలిన్ చుక్క వేసి దాచిన సీసాలో నుండి ఎప్పుడూ తీయరాదు. ఆ మందు బాక్టీరియాను చంపుతుంది, గీత రాదు, పాలు మంచివని తేలుతుంది. మరుగు నీటిలో ఉంచి తీసిన గరిటెతో, ట్యాంకు పాలను బాగా కలియబెట్టిన తరువాత, వేడినీటిలో శుద్ధిచేసిన సీసాలోకి తీసుకోవాలి. సీసాను నిండా నింపకుండా, వేలు మూతి లోపలకు తగలకుండా మూత బిగించి, వెంటనే మంచు పెట్టెలో పెట్టాలి. సీసా మీద తేదీతో పాటు పూట, తీసిన సమయం, అప్పుడు పాల వేడి ఎన్ని డిగ్రీలో కూడా రాయాలి. కరెంటు పోయిన పూట అయితే ఎంతసేపు పోయిందో కూడా రాసి పంపాలి.